చల్లగా ఉందనాలి

మా ఊరికొచ్చే బస్సులోంచి దిగేవాళ్ళ సగటు వయసు డెబ్భై నాలుగు. వాళ్ళని దింపుకునే నాకు యాభై మూడు. అయినా శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి మమ్మల్ని ఒక గోడకి ఆనించి నిలబెడితే పింఛను ఎవరికివ్వాలో తేల్చడం కష్టం. వాళ్ళు సెలవు దొరికి వచ్చినవాళ్ళు. నేను సెలవు దొరక్క వచ్చినదాన్ని.

నా పేరు ఒబ్దూలియా. ఆల్కోర్బాల్ మునిసిపాలిటీలో టూరిస్టు గైడుని. మా ఊరి గొప్ప కూజాల బట్టీ, నా గొప్ప బట్టీ పట్టడం. "పూర్వం ఇక్కడ ఇరవై ఏడు బట్టీలు మండేవి, ఇప్పుడు ఒకటే మండుతోంది" అని పద్నాలుగేళ్ళుగా అదే మలుపులో, అదే రాయి మీద నిలబడి అరుస్తున్నాను. అరవడంలో లోటు చెయ్యలేదు. నేను చర్చి దగ్గర పాఠం మొదలుపెడితే ఊరి చివర శ్మశానంలో పడుకున్నవాళ్ళు అటు తిరిగి పడుకుంటారని బారు నడిపే సెవేరో అంటాడు. నిజానికి మండుతున్నవి రెండు. ఒకటి బట్టీ, రెండోది నా అరికాళ్ళు. రెండోదాన్ని చూడటానికి ఎవరూ టిక్కెట్టు కొనరు.

మిగిలిన ఆ ఒక్క బట్టీ మా ఎలాదియో మావయ్యది. మా అమ్మకి తమ్ముడు. ఎనభై మూడేళ్ళు. కుమ్మరి సారె మీద కూర్చుంటే మాత్రం నలభై ఏళ్ళవాడి చేతులు, లేచి నిలబడితే నూటపదేళ్ళవాడి మోకాళ్ళు. తిరిగే మట్టిని కూజాగా పైకి లేపేది ఆయన. దానికి పిడీ, రెండు మూతులూ అతికించేది ఫెలీసా అత్తయ్య. పెద్ద మూతిలోంచి నీళ్ళు పోస్తాం. సన్న మూతిలోంచి ధారగా, పెదవికి తగలకుండా, ఎత్తి తాగుతాం.

కానీ అత్తయ్య అసలు పని అది కాదు. అసలు పని నాకడం.

మా కొండ మట్టిలో ఉప్పు కలిపితేనే కూజా కుదురుతుంది. నిప్పులో ఆ ఉప్పు మట్టికి కంటికి కనబడని చిల్లులు పెడుతుంది. ఆ చిల్లుల్లోంచి నీళ్ళు చెమటలా బయటికొస్తాయి, గాలికి ఆ చెమట ఆరుతుంది, లోపలి నీళ్ళు చల్లబడతాయి. కూజాకి చెమట పట్టాలి. చెమట పట్టని కూజా, చెమట పట్టని అల్లుడూ ఒకటే. అందంగా మూల కూర్చుంటారు, అంతే. అయితే ఉప్పు ఎంత? కొండలో ఒక్కో పొర మట్టిలో ముందే ఒక్కో పాటి ఉప్పుంటుంది. ఈ గంపలో ఉన్నంత ఆ గంపలో ఉండదు. కాబట్టి తూకాలు పనిచెయ్యవు, నాలుకే తూకం. అత్తయ్య తొక్కిన మట్టిలోంచి చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకుంటుంది, కళ్ళు మూసుకుంటుంది, "ఇంకో పిడికెడు" అంటుంది. లేదా "చాలు" అంటుంది. మావయ్య ఆ పని ఎందుకు చెయ్యడంటే, అరవై ఏళ్ళు నల్లపొగాకు పీల్చిన ఆయన నాలుక చెప్పుకి అడుగు వేయించుకోవడానికి పనికొస్తుంది గానీ రుచికి పనికిరాదు.

అత్తయ్య పదకొండో ఏట మట్టి నాకడం మొదలుపెట్టింది. ఇప్పుడు డెబ్భై తొమ్మిది. ఈ జనవరి నుంచి ఆవిడ నోట ఇంకో రకం "చాలు" వస్తోంది.

"నాకు చాలు," అంటోంది.

ఎవరికీ వినబడటం లేదు. వినబడితే ఇబ్బంది మరి. మా ఊరికి "చేతిపనుల ఊరు" అని రాజధాని వాళ్ళిచ్చిన బిరుదు ఒకటుంది. ఊరి మొదట్లో ఇత్తడి పలక కూడా పెట్టారు. అయిదేళ్ళకోసారి ఒక కమిటీ వచ్చి చూస్తుంది. మట్టి తవ్వడం నుంచి నిప్పు ఆర్పడం దాకా పాత పద్ధతిలో నడిచే బట్టీ ఒక్కటైనా ఉంటే బిరుదు ఉంటుంది. బిరుదు ఉంటే బస్సు ఉంటుంది. బస్సు ఉంటే నేనుంటాను. ఆ కమిటీ వచ్చే గురువారం వస్తోంది. వాళ్ళు సరేనంటే అత్తయ్య ఇంకో అయిదేళ్ళు, ఎనభై నాలుగు దాకా, మట్టి నాకాలి. కాదంటే ఊరికి పలక ఊడుతుంది.

మేయరు ఎవారిస్తో నాతో కలిసి చదువుకున్నవాడు. సోమవారం నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు.

"ఒబ్దూ, గురువారం దాకా మీ అత్తయ్య నోట్లోంచి ఆ 'చాలు' రాకుండా చూడు."

"ఎలా చూడమంటావ్?"

"నీకో నోరుందిగా. దాన్ని అడ్డం పెట్టు."

"ఆవిడ అలిసిపోయిందిరా."

"ఎవరు అలిసిపోలేదే? నేను అలిసిపోలేదా? నువ్వు అలిసిపోలేదా? ఆ కుక్కని చూడు." కిటికీలోంచి చెయ్యి చూపించాడు. కూడలిలో కుక్క మొరగడానికి నోరు తెరిచి, మధ్యలో మానేసి, ఆవలించింది.

మా ఊరి మర్యాద ఒకటి ఇక్కడే చెప్పాలి. ఎవరింటి కూజా ఎత్తి తాగినా, కింద పెట్టేటప్పుడు "చల్లగా ఉంది" అనాలి. దండం లాంటిది అది. పొలం గట్టు దగ్గర కత్తులు నూరుకుని పాతికేళ్ళు మాట్లాడుకోని అన్నదమ్ములు కూడా పెళ్ళిళ్ళలో ఒకరి కూజా ఒకరు తాగాల్సొస్తే, మొహం అటు తిప్పుకునైనా "చల్లగా ఉంది" అనే కింద పెట్టారు. అనకపోతే చేసినవాడి చేతినే కాదు, వాడి తల్లినీ తిట్టినట్టు. మా తాతగారి కాలంలో ఒకాయన నోరుజారి "కొంచెం గోరువెచ్చగా ఉందేమో" అన్నాడట. ఆ ఆదివారమే సామాను సర్దుకుని సముద్రం పక్కకి కాపురం మార్చాడు. అక్కడ చేపలు పట్టుకుని బతికాడంటారు. చేపలు నీళ్ళ గురించి ఫిర్యాదు చెయ్యవు.

మంగళవారం బస్సు వచ్చింది. నలభై ఒక్కమంది. మావయ్య దుకాణం ముందు నీడలో వరసగా నిలబెట్టి కూజా అందించాను. సగం నీళ్ళు నోట్లో, సగం చొక్కాల మీద. ఒక్కొక్కరూ నేను నేర్పిన ప్రకారం "చల్లగా ఉంది" అన్నారు. అత్తయ్య గుమ్మంలో పొట్టి కుర్చీ వేసుకుని, ఒళ్ళో తడిగుడ్డతో కూర్చుంది.

ఒక ఎర్రటోపీ ఆవిడ ఫోను ఎత్తింది. "అమ్మమ్మా, ఒక్కసారి మట్టి నాలుక మీద పెట్టుకోరూ? మా మనవరాలికి పంపుతా."

ఆ ఎర్రటోపీకి అత్తయ్యకన్నా నాలుగేళ్ళు ఎక్కువే ఉంటాయి. అత్తయ్య మట్టి తీసుకుంది, పెట్టుకుంది, కళ్ళు మూసుకుంది. ఆ పూటకి అది అయిదోసారి. ఫోటో సరిగా రాలేదట, ఆరోసారి పెట్టుకుంది.

బస్సు వెళ్ళాక ఆవిడ తడిగుడ్డతో నాలుక తుడుచుకుంది. "నాకు చాలు," అంది.

మావయ్య సారె ఆపకుండానే అన్నాడు. "గురువారం అయ్యాక చూద్దాంలే."

"యాభై ఎనిమిదేళ్ళుగా నీకన్నీ గురువారం అయ్యాకే, ముసలోడా. మన పెళ్ళి కూడా గురువారం అయ్యాకే అన్నావ్."

"చేసుకున్నాగా!"

"శుక్రవారం. వానలో."

మావయ్య కూజా మెడ సన్నం చేస్తూ ఉండిపోయాడు. నేను రెండు మాటలు చెప్పి నవ్విద్దామని నోరు తెరిచాను. మేయరు అడ్డం పెట్టమన్న నోరు అలా ఉత్తినే తెరుచుకుని ఉండిపోయింది.

బుధవారం పొద్దున్నే వెళ్ళాను, దుకాణం ఊడ్చిపెడదామని. మావయ్య పైన్ కట్టెలు పేరుస్తున్నాడు వెనకాల. అత్తయ్య బల్ల దగ్గర రొట్టె మీద టమాటా రుద్దుకుని, నూనె పోసుకుని, ఉప్పు చల్లుకుంటోంది. చల్లింది. కిటికీలోంచి వీధిలోకి చూసింది. మళ్ళీ చల్లింది. నాతో చీపురు ఎక్కడుందో చెప్పింది. మళ్ళీ చల్లింది. రొట్టె మీద మంచు పడ్డట్టయింది. దాన్ని కొరికి, నెమ్మదిగా, ఆవు నెమరేసినట్టు నమిలింది.

"అత్తయ్యా, అది ఉప్పు."

"తెలుసు."

"మూడుసార్లు వేశావ్."

"మూడా? రెండనుకున్నా." ఇంకో ముక్క కొరికింది. "నాకు రుచి పోయి రెండేళ్ళయిందే, ఒబ్దూ. ఆ జ్వరం తగ్గాక ఇక రాలేదు. ఉల్లిపాయా అంతే, కాఫీ అంతే, మీ మావయ్య తెచ్చే ఆ పుచ్చు జున్నూ అంతే. అదొక్కటే లాభం."

నేను చీపురు మీద ఆనుకున్నాను. "మరి మట్టి?"

"మట్టికేముంది! నాలుక మీద పెట్టుకుంటా. కళ్ళు మూసుకుంటా. పది లెక్కపెడతా. 'ఇంకో పిడికెడు' అంటా. ఒక్కోసారి 'చాలు' అంటా. ఏది నోటికొస్తే అది."

"మావయ్యకి చెప్పలేదా?"

"చెప్పలేదు. పట్టుకుంటాడులే అనుకున్నా. ఆయన కాకపోతే ఊరు పట్టుకుంటుందిలే అనుకున్నా. కూజా వేడిగా ఉందే ఫెలీసా, నీ నాలుకకేమైందే అని ఎవరో ఒకరు అడుగుతారు, అప్పుడు చెప్పేసి, ఈ ఏప్రను ఆ మేక్కి తగిలించేసి, వెళ్ళి పడుకుందామనుకున్నా. రెండేళ్ళు చూశానే. ఒక్కడంటే ఒక్కడు అడిగితే ఒట్టు. తాగినవాడల్లా చల్లగా ఉంది, చల్లగా ఉంది."

రొట్టె బల్ల మీద పెట్టేసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళేమీ లేవు. ఆవిడ అంత తొందరగా ఏడ్చే మనిషి కాదు.

"అంటే ఏంటన్నమాట? నా నాలుక ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. కూజా ఎలాగూ కుదురుతుంది. మరి అరవై ఎనిమిదేళ్ళు ఊరికే నాకానా నేను?"

ఊరికే. నిజమే, ఊరికి తప్ప ఇంకెవరికి? మామూలు రోజైతే ఆ మాట పైకే అనేసి రెండు తిట్లు తినేదాన్ని. ఆ పొద్దు నా నోట్లో కూడా మట్టి ఉన్నట్టే ఉంది.

"ఈ రేపటి కమిటీవాళ్ళు కూడా చల్లగా ఉందంటే," అంది అత్తయ్య, "ఇక తేలిపోయినట్టే. అయిదేళ్ళు కళ్ళు మూసుకుని పది లెక్కపెడుతూ కూర్చోవడమే. ఓపిక లేదే, పిల్లా. మట్టి నాకడానికి కాదు. అబద్ధం నాకడానికి."

ఇంటికెళ్ళాను. వంటింట్లో కిందటి వేసవిలో మావయ్య ఇచ్చిన కూజా ఉంది. పంపు నీళ్ళు పోసి, కిటికీ గాలిలో పెట్టి, రెండు గంటలు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో కూజాని చూస్తూ కూర్చోవడం అదే మొదటిసారి. దానికి చెమట పట్టలేదు. నాకు పట్టింది. ఎత్తి తాగాను. సూపు అనడానికి అందులో ఉల్లిపాయ లేదు, అంతే తేడా.

తిన్నగా సెవేరో బారుకి వెళ్ళాను. కౌంటరు మీద మావయ్య చేసిన కూజా ఎప్పుడూ ఉంటుంది. సెవేరో నాకు వీపు చూపించి, ఫ్రిజ్జు తలుపు తెరిచి, సీసాలోంచి చన్నీళ్ళు ఆ కూజాలో వొంపుతున్నాడు.

"ఏం చేస్తున్నావురా?"

ఉలిక్కిపడి సగం నీళ్ళు పాంటు మీద పోసుకున్నాడు. "ఏం లేదు. కడుగుతున్నా."

"చన్నీళ్ళతోనా?"

"వేణ్ణీళ్ళతో కడిగితే మీ మావయ్యకి కోపమొస్తుందని."

"సెవేరో!"

తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "అరవకు, తల్లీ. మాట్లాడటమంటే నీకు ఊరంతా చెప్పడమే. రెండేళ్ళ నుంచి ఆ కూజా చల్లబడట్లేదు. ఫెలీసమ్మ రోజూ ఇటుగా వెళ్తూ ఓ గుక్క తాగుతుంది. ఆవిడ ముందు వేణ్ణీళ్ళు పెట్టమంటావా? మా ఆవిడా ఇంట్లో అంతే. రొట్టెల మరియానా అంతే. ఫాదరు గారు చర్చి కూజాలో ఐసు వేస్తాడు, దేవుడు చూస్తుండగానే." నా మొహంలోకి చూశాడు. "నువ్వు బస్సువాళ్ళకి ఇచ్చే నీళ్ళు ఎక్కడివి?"

నా సంగతి నేనే చెప్పుకోవాలి. మ్యూజియం గదిలో చిన్న ఫ్రిజ్జుంది. కిందటేడు వేసవి నుంచి, బస్సు రాకముందు, అందులోని సీసాలు రెండు కూజాలోకి వొంపుకుంటున్నాను. వాళ్ళు తొందరలో ఉంటారు, కూజా చల్లబడేదాకా ఆగరు, అని నాకు నేను చెప్పుకున్నాను. అలా చెప్పుకున్నానే గానీ కూజా వైపు మాత్రం తిన్నగా చూడలేదు. మొన్న మంగళవారం ఎర్రటోపీ ఆవిడ తాగింది కూడా ఫ్రిజ్జు నీళ్ళే.

ఊరు ఊరంతా ఒక ముసలావిడ పరువు కోసం రెండేళ్ళుగా దొంగచాటుగా నీళ్ళు మోస్తోంది. పక్కింటివాళ్ళకి తెలియదనుకుని ఇక్కడివాళ్ళు, ఇక్కడివాళ్ళకి తెలియదనుకుని పక్కింటివాళ్ళు. ఆవిడ మాత్రం అదంతా తాగి, తన నాలుకకి విలువ లేదనుకుంటోంది.

మేయరు దగ్గరికెళ్ళి కూజాల సంగతి చెప్పాను. వాడు తల పట్టుకోలేదు. కుర్చీలో ఇంకాస్త కిందికి జారాడు, అంతే.

"తెలుసు," అన్నాడు. "మా ఇంట్లోనూ అంతే. రేపు ఒక్కరోజు గడవనీ ఒబ్దూ. వాళ్ళు తాగి, రాసుకుని, పోతారు. ఆ తర్వాత మెల్లగా ఆవిడకి చెబుదాం."

"గురువారం అయ్యాక."

"ఆఁ. గురువారం అయ్యాక."

సరే అన్నాను. కాదనడానికి ఓపిక కావాలి. అది నా దగ్గర శనివారానికే అయిపోయింది.

గురువారం పదకొండింటికి కమిటీ దిగింది. ముగ్గురు. ఇద్దరు కుర్రకారు, అంటే నా వయసువాళ్ళు. పెద్దావిడ పేరు సగ్రారియో. సన్నగా, పొడుగ్గా, మోకాలి దాకా బూడిదరంగు గౌను, చేతిలో నోటుపుస్తకం. ఆవిడ మొహం చూస్తే ఆ వారంలో ఆవిడ చూసిన పదకొండో ఊరు మాదని తెలిసిపోతోంది. అద్దకాలు, బుట్టలు, గంటలు, చెక్క చెంచాలు, అన్నీ చూసేసిన కళ్ళు అవి. మేయరు ప్రసంగం మొదలెట్టగానే ఆవిడ గోడ నీడలోకి జరిగింది. నాకు ఆవిడ మీద ప్రేమ పుట్టింది.

పాఠం అప్పజెప్పాను. ఇరవై ఏడు బట్టీలు, ఇప్పుడొకటి. మావయ్య సారె మీద ఒక కూజా లేపి చూపించాడు. కుర్రవాళ్ళలో ఒకడు అడిగాడు. "ఉప్పు తూచి వెయ్యొచ్చుగా?"

"కొండ ముందే వేసిన ఉప్పు ఎవడు తూచాడు, బాబూ?" అన్నాడు మావయ్య.

అత్తయ్య మట్టి నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. పది లెక్కపెడుతోందని ఆ గుంపులో నాకొక్కదానికే తెలుసు. నేనూ లోపల లెక్కపెట్టాను. ఎనిమిది దగ్గర ఆవిడ నిట్టూర్చింది. పది దగ్గర, "ఇంకో పిడికెడు," అంది. మావయ్య పిడికెడు వేశాడు. ఆయన మొహం పక్కకి తిప్పుకోవడం చూశాను.

ఇక తాగడమే మిగిలింది. మేకుకి వేలాడుతున్న కూజా దించి సగ్రారియో గారి చేతికిచ్చాను. ఆవిడ అలవాటున్నదానిలా ఎత్తి, ధార పట్టి, ఒక్క గుటక వేసింది. వెంటనే కూజా దించి దవడ పట్టుకుంది.

"అబ్బా! నా పన్ను!"

"చల్లగా ఉంది కదండీ," అన్నాడు మేయరు ఆనందంగా.

"చల్లగానా! జివ్వుమంది!" ఆవిడ దవడ నొక్కుకుంటూ కూజాని చెవి దగ్గర పెట్టి ఊపింది. లోపల గలగలమంది. మళ్ళీ ఊపింది. గలగల.

"ఇందులో ఏదో తిరుగుతోంది."

"మట్టి బెడ్డ అయ్యుంటుందండీ," అన్నాడు మేయరు. "చేతిపని కదా. ఒక్కోసారి లోపల..."

సగ్రారియో గారు పెద్ద మూతిలోకి ఒక కన్ను పెట్టి చూసింది. తర్వాత రెండు వేళ్ళు పెట్టి, కాస్త తడుముకుని, ఐసుముక్క ఒకటి బయటికి తీసింది. ఇంకొకటి తీసింది. మూడోది జారిపోయింది. ఆ రెండూ అరచేతిలో పెట్టుకుని, ఎవరిది పడిపోయిందో అడిగినట్టు మా వైపు చూసింది.

ఎవరూ మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు, అది ఊళ్ళో పెద్ద వార్త.

అత్తయ్య పొట్టి కుర్చీలోంచి లేచింది. మోకాలి మీద చెయ్యి వేసి, ఒక్కో కీలూ అడుగుతూ లేచింది. దగ్గరికొచ్చి ఆ అరచేతిలో ఐసు చూసింది.

"ఎవరు వేశారు ఇది?"

"తొమ్మిదింటికి ఫ్రిజ్జు నీళ్ళు పోసింది నేను," అన్నాడు మేయరు చెప్పులు చూసుకుంటూ. "ఐసు నేను కాదు."

సెవేరో చెయ్యెత్తాడు, బళ్ళో పిల్లాడిలా. "పదింటికి నేను. రెండు గుప్పిళ్ళు. ఆయన ముందే పోశాడని తెలీదు."

"రెండు గుప్పిళ్ళు కరిగిపోవా ఈపాటికి?" అంది అత్తయ్య.

"కరిగాయేమో అని," అన్నాడు మావయ్య, సారె వెనకనుంచి, "పావుతక్కువ పదకొండింటికి నేను మళ్ళీ వేశా."

అత్తయ్య ఆయన వైపు తిరిగింది.

"నువ్వు కూడానా?"

"రెండేళ్ళుగా వేస్తున్నా. ఇంట్లో నువ్వు తాగేదాంట్లో కూడా. నువ్వు అటు తిరిగినప్పుడు."

"మరి చెప్పవేం?"

"చెబితే మానేస్తావని." మావయ్య మట్టిచేతులు గుడ్డకి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఎంతకీ అవ్వడం లేదు. "నువ్వు మానేస్తే నేను మానెయ్యాలి. మానేసి నేనేం చెయ్యను, ఫెలీసా? బల్ల మీద కూర్చుని పావురాలు లెక్కపెట్టనా?"

అత్తయ్య అది పట్టించుకోలేదు. ఆవిడ ఇంకేదో లెక్క వేసుకుంటోంది. ఆవిడ పెదవులు కదలడం చూశాను.

"అంటే కూజా పాడైందన్నమాట," అంది నెమ్మదిగా.

"పాడైంది," అన్నాడు మావయ్య.

"ఎప్పట్నుంచి?"

"చెప్పాగా. రెండేళ్ళు. నీ జ్వరం తర్వాత వేసిన మొదటి బట్టీ నుంచి."

"దానికి ముందు?"

"దానికి ముందు వేసినవి ఇప్పటికీ కారుతున్నాయి చెమట. ఈ ఒబ్దూ వాళ్ళమ్మ దగ్గరుంది ఒకటి. ముప్ఫై ఏళ్ళది."

ఇక నా నోరు ఆగలేదు. ఆ వారంలో మొదటిసారి దాన్ని అడ్డం తీసేశాను. "ఒక్కటీ పనికిరాదు అత్తయ్యా! జ్వరం తర్వాత చేసినవి ఒక్కటంటే ఒక్కటి చెమట పట్టలేదు! నిన్న రెండు గంటలు కూర్చుని చూశా! వేడిగా ఉన్నాయి నీళ్ళు! అందులో గుడ్డు వేస్తే ఉడుకుతుంది!"

శ్మశానం దాకా వినబడి ఉంటుంది. సెవేరో కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మా ఊళ్ళో ఆ మాట పైకి అనడం నేను పుట్టాక వినలేదు. నేనే అంటానని అసలు అనుకోలేదు.

అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. మట్టితో గరుగ్గా ఉన్న చెయ్యి. "మళ్ళీ అను."

"వేడిగా ఉంది, అత్తయ్యా."

మేయరు వైపు తిరిగింది. "నువ్వు?"

వాడు కమిటీ వైపు చూశాడు, ఇత్తడి పలక ఉన్న దిక్కుకి చూశాడు, చివరికి టోపీ తీశాడు. "వేడిగా ఉందమ్మా. మా ఆవిడ దాంట్లో పూలు పెట్టింది."

"సెవేరో?"

"వేడిగా ఉంది, ఫెలీసమ్మా. క్షమించు."

"నువ్వు, ముసలోడా?"

మావయ్య చేతులు తుడుచుకుంటున్న గుడ్డ పక్కన పెట్టాడు. ఆయన చేసిన కూజా, ఆయన నోటితోనే అనాలి. "వేడిగా ఉందే," అన్నాడు.

అత్తయ్య అందరి మొహాలూ ఒకసారి చూసింది. ఆవిడ భుజాలు దిగాయి, ఎవరో గంప దించినట్టు. నవ్విందని చెప్పలేను. ఏడ్చిందనీ చెప్పలేను. "అయితే నా నాలుకే," అంది. "అన్నేళ్ళూ నా నాలుకే." ఏప్రను ముడి విప్పబోయింది, వేళ్ళు తిరగలేదు. నేను విప్పాను. దాన్ని మడిచి, మేకుకి తగిలించకుండా, మావయ్య ఒళ్ళో పెట్టింది.

"అమ్మా," అంది సగ్రారియో గారితో, "మీరు ఏం రాసుకుంటారో రాసుకోండి. నాకు నిద్రొస్తోంది."

లోపలికెళ్ళి తలుపేసుకుంది. మధ్యాహ్నం పన్నెండు కూడా కాలేదు. ఆ ఇంట్లో ఆ వేళకి ఎవరూ పడుకోగా నేను చూడలేదు.

సగ్రారియో గారు నోటుపుస్తకం తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. మట్టి రుచి చూసే మనిషి లేకుండా పాత పద్ధతి అని రాయలేనంది. ఎవరికైనా నేర్పి, మూడుసార్లు బట్టీ వేసి కూజాలు సరిగ్గా తీస్తే కబురు పెట్టమంది, అప్పటిదాకా బిరుదు ఉండదంది. మేయరు ఏదో అనబోయి, టోపీ చేతిలోనే ఉందని గమనించి, తల మీద పెట్టుకున్నాడు. కుర్రవాడొకడు ఐసు వేసి తాగే సోడా ఎక్కడ దొరుకుతుందని సెవేరోని అడిగాడు. కారెక్కేముందు సగ్రారియో గారు నా దగ్గరికొచ్చింది.

"ఆవిడ ఎంతసేపు పడుకుంటుంది?"

"తెలీదండీ. ఎప్పుడూ పడుకోలేదు."

"అదృష్టవంతురాలు," అని దవడ పట్టుకుని కారెక్కింది. పన్నెండో ఊరుందట ఆవిడకి, సాయంత్రంలోగా.

అత్తయ్య శుక్రవారం పొద్దున తొమ్మిది దాటినా లేవలేదు. ఆ సంగతి నాకు మావయ్య చెప్పాడు. తలుపు తీసేసరికి, అది చెప్పడానికే వచ్చాడేమో అనుకున్నాను. ఆయన గుమ్మంలో రెండు చేతులూ ముందుకి చాపి నిలబడ్డాడు. ఒక్కో అరచేతిలో ఒక్కో మట్టిముద్ద. బట్టీ దగ్గరనుంచి అలాగే నడిచొచ్చాడు, సంత వీధంతా.

"ఒకదాంట్లో ఉప్పుంది, ఒకదాంట్లో లేదు," అన్నాడు. "నాలుక చాపు."

"మావయ్యా, నేను గైడుని."

"ఇప్పుడు కాదుగా. బస్సు రాదుగా. చాపు."

చాపాను. నా నాలుక ఇన్నేళ్ళలో చాలా పనులు చేసింది గానీ ఇలాంటి పని చెయ్యలేదు. ఎడమ ముద్ద మట్టిలా ఉంది. కుడి ముద్ద కూడా మట్టిలా ఉంది. కళ్ళు మూసుకుని చూశాను. చీకటిగా ఉంది. నోట్లోకి "చాలు" అనే మాట దానంతట అదే వచ్చింది. పళ్ళతో పట్టి ఆపాను.

"తెలీట్లేదు, మావయ్యా."

"ఇంకోసారి చూడు."

"ఎన్నిసార్లు చూసినా తెలీదు. ఎడమదా?"

మావయ్య ఎడమ చెయ్యి చూసుకున్నాడు. కుడి చెయ్యి చూసుకున్నాడు. ఆయన మొహంలో ఏదో సడలిపోయింది. దారిలో రొట్టెల మరియానా పలకరిస్తే టోపీ ఎత్తడానికి ముద్దలు ఒక చేతిలోకి మార్చాడట. ఏది ఏ చేతిలోంచి వచ్చిందో ఇప్పుడు గుర్తులేదు.

"నాలుక పెట్టి చూడు," అన్నాను.

పెట్టాడు. రెండూ చూశాడు. అరవై ఏళ్ళ నల్లపొగాకు ఏం చెబుతుంది!

"అత్తయ్యని..." అనబోయి ఆగాను.

"పడుకుంది," అన్నాడు. "గుర్రు పెడుతోంది. ఆవిడకి గురకుందని నాకు ఇన్నేళ్ళూ తెలీదు. ఎప్పుడూ ఆవిడే ముందు లేచేది."

ఇద్దరం గుమ్మంలో పక్కపక్కన కూర్చున్నాం. ఎండ ఇంకా మెట్టు దాకా రాలేదు. ముద్దలు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. కాసేపటికి రెండింటినీ కలిపి ఒకటే ముద్ద చేసి, దాన్ని చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు.

"కాఫీ పెట్టనా?" అన్నాను.

"పెట్టు. పంచదార ఎక్కువెయ్యి, నాకు తెలీదు ఎలాగూ."

లేవాలి. ఇంకాసేపాగి లేద్దామనుకున్నాను.